లక్క పలకల్లో దాగిన గొంతులు

మీ ఊళ్లో పాతకాలపు మండువా లోగిలి ఏదైనా మిగిలి ఉందా? ఉంటే, ఇంటి పెద్దల అనుమతి తీసుకుని దాని అటక మీద ఒకసారి చూడండి. వాడకం పోయిన గంగాళాలు, కాలు విరిగిన పడక్కుర్చీ, ధాన్యం కొలిచిన కుంచం, వీటి మధ్య ఒక్కొక్కప్పుడు బరువైన చెక్కపెట్టె ఒకటి కనబడుతుంది. మూత తీస్తే లోపల నల్లటి గుండ్రటి పలకలు. మధ్యలో చిన్న రంధ్రం, దాని చుట్టూ అంటించిన రంగు కాగితం. కొన్నింటి మీద కొమ్ము ముందు కూర్చుని చెవి రిక్కించి వింటున్న కుక్క బొమ్మ ఉంటుంది.

వీటినే మన పెద్దలు గ్రామఫోను ప్లేట్లు అనేవారు. కీ ఇచ్చి తిప్పే పెట్టె మీద ఒక్కొక్క ప్లేటూ వేసి, వీధి అరుగు మీద పదిమందీ చేరి వినేవారు. కరెంటు లేని ఊళ్లలో కూడా మద్రాసు గాయకుల పాటలు వినబడ్డాయంటే ఈ ప్లేట్ల పుణ్యమే.

వీటిలో ఏముంది? మన గోదావరి జిల్లాల సంగతే చూడండి. తిరుపతి వెంకట కవులలో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారు పుట్టినది కడియం. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు పుట్టినది యండగండి. వారు రాసిన పాండవోద్యోగ విజయాల పద్యాలు రంగస్థలం మీద మార్మోగి, అక్కడినుంచి గ్రామఫోను ప్లేట్లలోకి ఎక్కాయి. 1925లో రాజమండ్రిలో పుట్టిన టంగుటూరి సూర్యకుమారి, శంకరంబాడి సుందరాచారిగారు రాసిన ఒక గీతాన్ని గ్రామఫోను కోసం పాడారు. తరువాతి కాలంలో అదే ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతం అయింది. ఆమె 2005లో లండనులో కన్నుమూశారు. ఆమె గొంతు మాత్రం ఇంకా మనకు వినబడుతూనే ఉంది.

అది ప్రసిద్ధమైన పాట. అందువల్ల నిలిచింది. మరి ఒకటి రెండు ప్లేట్లతో ఆగిపోయిన నాటక నటుల మాట ఏమిటి? ఊరూరా తిరిగి పద్యం చదివి, ఒకసారి మద్రాసు వెళ్లి రికార్డు ఇచ్చి వచ్చిన వారి గొంతులు ఎక్కడున్నాయి? ఇలాంటి అటకల మీద ఉన్నాయి. ఒక ప్లేటుకు ఇక వేరే ప్రతి మిగలకపోతే, అది చెయ్యి జారి పడిన రోజున ఆ మనిషి గొంతు లోకంలో లేకుండా పోయినట్లే.

అలా పోకుండా ఆ శబ్దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి భద్రపరచవచ్చు. ఎలాగో, అందులో ఏ ఏ శాస్త్ర విషయాలు ఇమిడి ఉన్నాయో చూద్దాం.

గాడిలో ఉన్నది ఏమిటి?

ప్లేటును వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడండి. సన్నని గీతలు వలయాలుగా కనబడతాయి. ఎన్ని గీతలున్నాయో చెప్పగలరా? చాలామంది "వందలు" అంటారు. నిజానికి ఒక పక్కన ఉండేది ఒకే ఒక్క గీత. బయటి అంచు దగ్గర మొదలై చుట్టలు చుట్టుకుంటూ మధ్యకు చేరే ఒకే గాడి అది.

శబ్దం అంటే గాలిలో కంపనాలే గదా! గాయకుడు పాడినపుడు ఆ కంపనాలు ఒక పలుచటి పొరను కదిలిస్తాయి. ఆ పొరకు అమర్చిన సూది, తిరుగుతున్న మైనపు పలక మీద గాడి తీస్తుంది. కంపనాన్ని బట్టి గాడి కుడికీ ఎడమకీ వంకరలు పోతుంది. 1925 తరువాత ఈ పని మైక్రోఫోను, విద్యుత్తు సాయంతో జరిగింది. ఆ మైనపు పలకనుంచి లోహపు అచ్చులు తీసి, వాటితో వేల కొద్దీ ప్లేట్లు ఒత్తేవారు. మళ్లీ ఒక సూదిని ఆ గాడిలో నడిపిస్తే, సూది అవే వంకరలు పోతుంది. అవే కంపనాలు, అదే శబ్దం పుడతాయి.

ఒక చిన్న లెక్క వేయండి. పది అంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. పాట సుమారు 3 నిమిషాలు. అంటే దాదాపు 240 చుట్లు. బయటి చుట్టు వ్యాసార్ధం 12 సెంటీమీటర్లు, లోపలి చుట్టు వ్యాసార్ధం సుమారు 5.5 సెంటీమీటర్లు అనుకుంటే సగటు చుట్టుకొలత 55 సెంటీమీటర్లు వస్తుంది. 240తో గుణిస్తే 132 మీటర్లు! ఒక పద్యం కోసం సూది 132 మీటర్ల ప్రయాణం చేస్తుందన్నమాట. ఆ చుట్టలన్నీ ఆరున్నర సెంటీమీటర్ల పట్టీలో ఇమడాలి గనుక ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం పావు మిల్లీమీటరు మించి ఎంతో ఉండదు.

ఈ 3 నిమిషాల హద్దు ఆ కాలపు కళనే మార్చివేసింది. రంగస్థలం మీద నటుడు ఒక్క పద్యాన్ని రాగాలాపనతో సాగదీసి, ప్రేక్షకులు "వన్స్ మోర్" అంటే మళ్లీ పాడేవాడు. ప్లేటు దగ్గర ఆ స్వేచ్ఛ లేదు. గాడి అయిపోయేలోపు పద్యం ముగియాలి. నాటకమంతా కావాలంటే ఎన్నో ప్లేట్లు కలిపి ఒక కట్టగా అమ్మేవారు. అందులో ఒక ప్లేటు విరిగితే కథ మధ్యలో 6 నిమిషాలు మాయం!

పురుగు ఇచ్చిన పలక

ఈ ప్లేట్లను దేనితో చేశారో తెలుసా? లక్కతో. ఏటికొప్పాక బొమ్మలకు నిగనిగలాడే రంగు పూత ఏ లక్కతో వస్తుందో అదే లక్క. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలమీద బతికే చిన్న పురుగులు స్రవించే జిగురు పదార్థమిది. శుద్ధిచేసిన లక్కలో మెత్తని రాతిపొడి, నల్లదనం కోసం మసి, కొద్దిగా నూలు పీచు కలిపి, వేడిమీద మెత్తబరచి, అచ్చులో ఒత్తితే ప్లేటు తయారు. నిజానికి ప్లేటులో రాతిపొడే ఎక్కువ, లక్క తక్కువ. అందుకే అది అంత బరువు, అంత పెళుసు.

ఆ రోజుల్లో ప్రపంచానికి లక్క ఎక్కువగా మనదేశంనుంచే వెళ్లేది. మనదేశపు గాయకులను గ్రామఫోను కంపెనీ మొదట పెద్ద ఎత్తున రికార్డు చేసినది 1902లో. ఆ సంవత్సరం నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ అనే గాయని పాడింది. అచ్చులు తీసి ప్లేట్లు ఒత్తడానికి వాటిని జర్మనీలోని హానోవరుకు పంపవలసి వచ్చింది. అక్కడి పనివారికి ఏది ఎవరి పాటో తెలియడానికి ఆమె పాట చివర తన పేరు తానే చెప్పుకునేది. 1908లో కలకత్తాలోనే ప్లేట్లు ఒత్తే కర్మాగారం వచ్చింది.

లక్కకు రెండు గుణాలున్నాయి. వేడి తగిలితే మెత్తబడుతుంది. స్పిరిట్‌లో కరిగిపోతుంది. వడ్రంగి తలుపులకు వేసే పాలిష్ చూశారా? అది స్పిరిట్‌లో కరిగించిన లక్కే. ఈ రెండు గుణాలూ గుర్తుంచుకోండి. వీటిని మరచినవారి చేతుల్లో ఎన్నో ప్లేట్లు నాశనమయ్యాయి. ఎండలో పెడితే ప్లేటు అప్పడంలా వంగుతుంది. పాత ప్లేట్లను వేడినీళ్లలో మెత్తబరచి, అంచులు వంచి, పూలగిన్నెలు చేసుకున్న ఇళ్లు కూడా ఉన్నాయి. ఆ గిన్నెలో అలంకారం మిగిలింది, పాట పోయింది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో లక్కకు కరువు వచ్చింది. ఇంగ్లండు, అమెరికాలలో పాత ప్లేట్లు వెనక్కి తీసుకుని, నలగగొట్టి, కొత్త ప్లేట్లలో కలిపారు. ఒక గాయకుని గొంతు మరొక గాయకుని ప్లేటుకు ముడిసరుకు అయిందన్నమాట!

మన డెల్టాకు ఇంకొక చిక్కు ఉంది. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. తేమకు కాగితపు సంచులు బూజుపడతాయి. ఆ బూజు ప్లేటు గాడిలోకి పాకుతుంది. ఇక వరదలు సరేసరి. 1986 ఆగస్టులో గోదావరి పొంగినపుడు, 1996 నవంబరు 6న కోనసీమ మీద తుఫాను విరుచుకుపడినపుడు జనం ప్రాణాలూ పశువులూ చూసుకున్నారుగాని, ప్లేట్ల పెట్టె ఎవరికి గుర్తుంటుంది?

ముందు స్నానం, తరువాత సంగీతం

అటక మీద దొరికిన ప్లేటును వెంటనే వేసి వినాలని మనసు ఉవ్విళ్లూరుతుంది. తొందరపడవద్దు. గాడిలో ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము ఉంది. సూది దానిని గాడి గోడలకేసి రుద్దుతుంది. ప్లేటు మరింత అరుగుతుంది.

మొదట మెత్తని కుంచెతో పొడి దుమ్ము దులపాలి. తరువాత స్వేదన జలంలో రెండు చుక్కలు తేలికపాటి సబ్బు ద్రావణం కలిపి, మెత్తని కుంచెను దానితో తడిపి, గాడి వెంబడి గుండ్రంగా తుడవాలి. అడ్డంగా రుద్దకూడదు. మధ్యనున్న కాగితం తడవకూడదు. మంచినీటితో తుడిచి, వెంటనే మెత్తని గుడ్డతో అద్ది, నీడలో ఆరబెట్టాలి. స్పిరిట్ కలిసిన ద్రావణం ఏదీ లక్క ప్లేటుకు తగలకూడదు. ఎందుకో మీకిప్పుడు తెలుసు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పెద్ద ఎల్.పి. రికార్డులు లక్కతో చేసినవి కావు, వినైల్ అనే ప్లాస్టిక్కుతో చేసినవి. 1974లో కన్నుమూసిన ఘంటసాలగారు చివరి దశలో పాడిన భగవద్గీత ఎల్.పి. రూపంలో వచ్చింది. అది వంగుతుందిగాని పగలదు. లక్క ప్లేటు పగులుతుంది. ఏది ఏదో తేల్చుకున్న తరువాతే చెయ్యి వెయ్యాలి.

ఏ కాలువకు ఆ పడవ

పాత గ్రామఫోను పెట్టెలో సూది ఉక్కుది. దాని మీద నూరు గ్రాములకు పైగా బరువు పడేది. ప్లేటులోని రాతిపొడి ఉక్కు సూదిని అరగదీసి గాడి ఆకారానికి తెచ్చేది. అందుకే ఒక పక్క పూర్తికాగానే సూది మార్చాలనేవారు. చాలా ఇళ్లలో ఒకే సూదితో పాతిక పాటలు వినేవారు. అరిగిన సూది ఉలిలా మారి గాడిని గీసేసేది. బాగా నచ్చిన పాట ప్లేటే ముందుగా పాడైపోవడానికి కారణం ఇదే.

కాబట్టి ప్లేటును భద్రపరచదలచుకున్నవారు పాత పెట్టె మీద వేయరు. విద్యుత్తుతో తిరిగే టర్న్‌టేబిల్ మీద వేస్తారు. దాని సూది మీద పడే బరువు కొద్ది గ్రాములు మాత్రమే. సూది కదలికను అయస్కాంతమూ తీగచుట్టా కలిసి విద్యుత్తుగా మారుస్తాయి. అయస్కాంతం కదిలితే తీగచుట్టలో విద్యుత్తు పుడుతుందని మీరు భౌతికశాస్త్రంలో చదివారు గదా! ఇక్కడ పుట్టే విద్యుత్తు కొద్ది మిల్లీవోల్టులే. దాన్ని పెంచి వాడుకోవాలి.

సూది మొన కూడా సరైనది కావాలి. లక్క ప్లేటు గాడి వెడల్పైనది. దానికి మొన వ్యాసార్ధం సుమారు 75 మైక్రాన్లు ఉన్న సూది సరిపోతుంది. ఎల్.పి. సూది మొన అందులో మూడో వంతో నాలుగో వంతో మాత్రమే. అలాంటి సన్నని సూదిని వెడల్పైన గాడిలో వేస్తే ఏమవుతుంది? పెద్ద కాలువలో చిన్న దోనె అడుగంటినట్టు, గాడి అడుగున ఉన్న ఒండ్రులో కూరుకుని కరకరలాడుతుంది. సరైన సూది అడుగు తాకకుండా రెండు గట్లనూ ఆనుకుని నడుస్తుంది. శబ్దం ఉన్నది గట్లలోనే.

78 అంటే నిజంగా 78యేనా?

ఇది చాలామంది ఆలోచించని ప్రశ్న. తొలినాళ్లలో రికార్డు చేసే యంత్రాలు అన్నీ ఒకే వేగంతో తిరిగేవి కావు. 70 నుంచి 80 పైచిలుకు వరకూ ఉండేవి. 74 చుట్ల వేగంతో రికార్డు చేసిన ప్లేటును 78 వేగంతో వేస్తే ఏమవుతుంది? 78ని 74తో భాగించండి. 1.054 వస్తుంది. అంటే ప్రతి స్వరం పౌనఃపున్యమూ 5.4 శాతం పెరుగుతుంది. హార్మోనియం మీద ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ తేడా సుమారు 5.9 శాతం. పాట దాదాపు ఒక మెట్టు పైకి ఎక్కిందన్నమాట! గంభీరంగా పాడిన నటుడు కీచుగా వినిపిస్తాడు. మనం "అప్పటివాళ్ల గొంతులే అంత" అనుకుంటాం. తప్పు గొంతుది కాదు, వేగానిది.

సరైన వేగం ఎలా తెలుస్తుంది? నాటక పద్యాల వెనుక హార్మోనియం ఉంటుంది. దాని మెట్ల శ్రుతి పాడేవారి ఇష్టాన్ని బట్టి మారదు. పాట శ్రుతి రెండు మెట్ల మధ్య ఎక్కడో ఇరుక్కుని ఉంటే వేగం తప్పిందని అనుమానించాలి. ఆ నటునివే ఇతర ప్లేట్లతో పోల్చి చూడాలి.

వేగం తప్పితే ఎంత పొరపాటు జరుగుతుందో చెప్పే నిజమైన కథ ఒకటుంది. ఫ్రాన్సుకు చెందిన స్కాట్ డి మార్టిన్‌విల్ 1860లో మసి పూసిన కాగితం మీద తన గొంతు కంపనాలను గీతగా గీయించాడు. తిరిగి వినిపించే ఉపాయం అప్పటికి లేదు. ఎడిసన్ ఫోనోగ్రాఫు రావడానికి ఇంకా 17 సంవత్సరాలుంది. 2008లో శాస్త్రజ్ఞులు ఆ గీతను కంప్యూటరుతో చదివించి శబ్దంగా మార్చారు. ఒక బాలిక ఫ్రెంచి జానపద గీతం పాడుతున్నట్టు వినబడింది! మరుసటి సంవత్సరం తేలింది, వేగం రెట్టింపు పెట్టారని. సరిచేసి వింటే అది నెమ్మదిగా పాడుతున్న మగవాని గొంతు. బహుశా స్కాట్‌దే.

గట్టు తెగకుండా

ఇంకొక చిక్కు ఉంది. మృదంగం వంటి మంద్ర శబ్దాలు గాడిని చాలా వెడల్పుగా ఊపుతాయి. గాడులేమో పావు మిల్లీమీటరు దూరంలో ఉన్నాయి. రెండు పంట కాలువలు పక్కపక్కన పోతున్నపుడు ఒకటి మరీ వంకర తిరిగితే రెండోదాని గట్టు తెగుతుంది గదా! అందుకని రికార్డు చేసేటపుడే మంద్ర శబ్దాలను కావాలని తగ్గించేవారు. ఎల్.పి.లకు తార శబ్దాలను పెంచేవారు కూడా. వినేటపుడు అంత మేరకు తిరగవేస్తే అసలు శబ్దం వస్తుంది.

1954 ప్రాంతంలో దీనికి అందరూ ఒకే కొలత ఒప్పుకున్నారు. అంతకు ముందు ఏ కంపెనీ కొలత దానిదే. కాబట్టి ఇప్పటి యంత్రానికి తగిలించి పాత ప్లేటు వేస్తే శబ్దం సరిగా రాదు. ప్లేటు ఏ కంపెనీది, ఏ కాలానిది అని తెలుసుకుని సరిదిద్దాలి. చరిత్ర తెలియనిదే భౌతికశాస్త్రం పనిచెయ్యని చోటు ఇది!

ధవళేశ్వరం కొలబద్ద

ఇప్పుడు అసలు ఘట్టానికి వచ్చాం. కంప్యూటరుకు పాట తెలియదు, అంకెలే తెలుసు. ఎడతెగని శబ్ద తరంగాన్ని అంకెలుగా మార్చడం ఎలా?

గోదావరి వరద రోజుల్లో ధవళేశ్వరం బ్యారేజి దగ్గర ఏం చేస్తారో మీకు తెలుసు. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గంట గంటకూ కొలబద్ద చూసి అంకె రాసుకుంటారు. ఆ అంకెలను గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెట్టి కలిపితే నది ఎలా పెరిగి ఎలా తగ్గిందో గీత వస్తుంది. నది మొత్తాన్ని కాగితం మీదికి తేలేదు. కాని దాని కదలిక వచ్చింది.

శబ్దానికి కూడా ఇదే పని. అయితే గంటకోసారి కాదు. సెకనుకు 44,100 సార్లు! కాంపాక్ట్ డిస్కులకు నిర్ణయించిన లెక్క అది.

అన్నిసార్లు ఎందుకు? అంతర్వేది దగ్గర సముద్రపు పోటుపాట్లు గమనించండి. ఒక పోటుకూ మరొక పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఒక తెలివితక్కువవాడు సరిగ్గా 12 గంటల 25 నిమిషాలకోసారి నీటిమట్టం కొలిచాడనుకోండి. ప్రతిసారీ దాదాపు అదే అంకె వస్తుంది. "సముద్రం కదలడమే లేదు" అని రాసుకుంటాడు! కదలిక తెలియాలంటే ఒక్కొక్క కంపనానికి రెండుసార్లకన్నా ఎక్కువగా కొలవాలి. మన చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకూ వినగలదు. కాబట్టి 40,000 దాటాలి. 44,100 అందుకే.

కొలబద్ద మీద గీతలు ఎంత దగ్గరగా ఉండాలనేది రెండో ప్రశ్న. అడుగుకొక గీత ఉంటే అంగుళాల తేడా తెలియదు. 16 బిట్లతో రాస్తే 65,536 గీతలున్న కొలబద్ద అవుతుంది. 24 బిట్లతో రాస్తే గీతలు 1,67,77,216! శబ్ద భాండాగారాలు పాత రికార్డులను సాధారణంగా సెకనుకు 96,000 కొలతలు, 24 బిట్ల లెక్కన రాసుకుంటాయి. ప్లేటు మీది చిటపటలు సూక్ష్మంగా నమోదైతే వాటిని తరువాత గుర్తుపట్టి తీయడం తేలిక.

జాగ్రత్త ఒకటి. కొలబద్ద పైఅంచు మునిగిపోతే ఆపైన ఎంత నీరుందో తెలియదు. రికార్డు చేసేటపుడు శబ్దాన్ని మరీ పెంచితే ఇదే జరుగుతుంది. తరంగాల శిఖరాలు తెగిపోతాయి. తెగినవి తిరిగి రావు. కాబట్టి పైన కొంత ఖాళీ ఉంచుకోవాలి.

స్థలం ఎంత పడుతుంది? 96,000ను ఒక్కొక్క కొలతకు 3 బైట్లతో, కుడి ఎడమ రెండు గట్లకు 2తో, 180 సెకనులతో గుణించండి. 10,36,80,000 బైట్లు, అంటే సుమారు 104 మెగాబైట్లు వస్తుంది. 32 గిగాబైట్ల చిన్న పెన్‌డ్రైవులో 300 పక్కలు పడతాయి. ఒక్క మనిషి మోయలేని ప్లేట్ల బరువు చొక్కా జేబులో ఇమిడిపోతుంది!

దుమ్ముతోబాటు గొంతు పోకూడదు

పాట కంప్యూటరులోకి వచ్చింది. వింటే చిటపటలు, బుసబుసలు. పగులున్న ప్లేటయితే చుట్టుకొక 'టక్' వినబడుతుంది. నిమిషానికి 78 టక్కులు. ఒక టక్కు సెకనులో వెయ్యోవంతు కాలం ఉంటుంది. సాఫ్ట్‌వేరు ఆ కొద్ది అంకెలను తీసేసి, ముందూ వెనకా ఉన్న అంకెలను బట్టి తరంగం ఎలా సాగి ఉంటుందో లెక్కకట్టి ఆ ఖాళీని పూరిస్తుంది. చిరిగిన పంచెకు రఫ్ఫు చేసినట్టు ఉంటుందిది.

బుసబుస తీయడం మాత్రం కత్తిమీద సాము. పాట మొదలుకాక ముందు వినబడే ఉత్త బుసను కంప్యూటరుకు చూపించి, "ఇలాంటిది ఎక్కడున్నా తగ్గించు" అంటారు. కాని శ, ష, స అక్షరాల ధ్వని కూడా బుసలాంటిదే! అతిగా తగ్గిస్తే "శ్రీ" నోట్లోనే అణిగిపోతుంది. నటుడు నీళ్లలో మునిగి పాడుతున్నట్టు ఉంటుంది. పద్యానికి ఊపిరి తీసుకున్న చప్పుడు పోతుంది. అందుకే ఒక నియమం పెట్టుకున్నారు. ప్లేటునుంచి వచ్చినదాన్ని వచ్చినట్టుగా ఒక ప్రతి ఉంచాలి. దాని మీద చెయ్యి వేయకూడదు. శుభ్రం చేయడం అంతా రెండో ప్రతిమీదే. మనకంటె మంచి ఉపాయం రేపు ఎవరికైనా తట్టవచ్చు. వారికి అసలు ప్రతి కావాలి గదా!

ఆ అసలు ప్రతిని ఎంపీ3గా ఉంచకూడదు. చిన్నది చేయడానికి ఎంపీ3 కొంత శబ్దాన్ని శాశ్వతంగా పారేస్తుంది. వేవ్, ఫ్లాక్ వంటి రూపాలలో ఏదీ పోదు. ప్రతులు ఒకటి కాదు, మూడు ఉండాలి. వాటిలో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. వరద అన్ని ఇళ్లకూ ఒకేసారి వస్తుందని డెల్టావాళ్లకు వేరే చెప్పాలా?

ముక్కలయినా పారేయకండి

ప్లేటు విరిగిపోతే ఇక ఆశ లేదా? ఉంది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కార్ల్ హేబర్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు సూదే తాకకుండా గాడిని ఫొటోలు తీసి, ఆ వంకరలను కంప్యూటరుతో కొలిచి శబ్దం రాబట్టే పద్ధతి కనిపెట్టారు. పరమాణు కణాల జాడలు కొలిచే విద్య పాటకు పనికొచ్చింది! అందుకని విరిగిన ముక్కలను కూడా వేరు వేరుగా కాగితంలో చుట్టి దాచాలి.

మనవాళ్లూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1990లో బొంబాయిలో భారతీయ రికార్డుల సేకర్తలు ఒక సంఘంగా ఏర్పడ్డారు. బ్రిటిష్ లైబ్రరీ వారి పథకం సాయంతో యంగ్ ఇండియా అనే స్వదేశీ కంపెనీ రికార్డులను అంకెలలోకి మార్చారు. గ్రియర్సన్ నడిపిన భారతీయ భాషా పరిశీలన కోసం 1913, 1929 మధ్య రికార్డు చేసిన ప్లేట్లలో తెలుగు మాటలూ ఉన్నాయి. షికాగో విశ్వవిద్యాలయం వాటిని ఎవరైనా వినేలా ఉంచింది. 1998లో మొదలైన తెలుగు అంతర్జాల పత్రిక 'ఈమాట' పాత తెలుగు శబ్దాలను పాఠకులకు అందిస్తూ వస్తోంది.

మీరు చేయగలిగినవి

ప్లేటు దొరికితే మొదట కాగితం, కలం తీయండి. మధ్య కాగితం మీద ఉన్నదంతా ఎత్తి రాయండి. పాడినవారి పేరు, కంపెనీ, నంబరు, అన్నీ. గాడి ముగిసిన తరువాత నున్నటి భాగంలో చెక్కిన సన్నని అంకెలు, అక్షరాలు ఉంటాయి. అద్దం పెట్టి చూసి వాటినీ రాయండి. అవి అచ్చు నంబర్లు. రికార్డు ఎప్పటిదో తేల్చడానికి అవే ఆధారం. ఫోనుతో రెండు పక్కలా ఫొటో తీయండి. పేరు లేని శబ్దపు ఫైలు చిరునామా లేని ఉత్తరంలాంటిది.

తరువాత ఆ ఇంటి తాతగారిని, బామ్మగారిని అడగండి. "ఇది ఎవరు కొన్నారండీ? పాడినాయన ఏ ఊరివారు? ఏ వేషం కట్టేవారు?" ప్లేటు మీద అచ్చు కానిది వారి జ్ఞాపకంలో ఉంటుంది. దానినీ రాయండి. ప్లేటుకన్నా ముందు కరిగిపోయేది అదే.

ప్లేట్లను నిలువుగా, పుస్తకాల్లా నిలబెట్టండి. ఒకదానిమీద ఒకటి పేర్చకండి. గోడ తేమకూ ఎండకూ దూరంగా ఉంచండి. కంప్యూటరులోకి మార్చే పని పరికరాలు, అలవాటు ఉన్నవారితో చేయించండి. రికార్డు చేసుకోవడానికి ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. మీ పాఠశాలలో కంప్యూటరు ఉంటే ముందుగా మీ గొంతులతోనే అభ్యాసం చేయవచ్చు.

ఒక ప్రయోగం ఇంట్లోనే చేయండి. గ్రాఫు కాగితం మీద పది ఎత్తులు, పది పల్లాలు ఉన్న తరంగం గీయండి. దానిమీద సమాన దూరాలలో చుక్కలు పెట్టండి. మొదట నలభై చుక్కలు, తరువాత వేరే కాగితం మీద పాతిక, ఆ తరువాత తొమ్మిది. చుక్కలను మాత్రమే కలిపి చూడండి. తొమ్మిది చుక్కలతో వచ్చే గీత మీరు గీసిన తరంగమేనా? అంతర్వేదిలో సముద్రం కదలడం లేదన్నవాడు గుర్తుకు వస్తాడు.

ఇక మండువా లోగిలి దగ్గరకు వెళదాం. ఆ ఇల్లు రేపో మాపో పడగొట్టి మేడ కడతారు. అటక మీది సామాను పాత ఇనుప సామాన్లవాడి బండి ఎక్కుతుంది. గంగాళం బరువుకు డబ్బిస్తాడు. ప్లేట్లకు ఏమీ ఇవ్వడు. ఆ బండి రాకముందే మీరు వెళ్లి పెట్టె మూత తీయండి.